ఎలక్ట్రాన్ మీద డిఫెక్టు వేసిన యాదగిరి

యాభై నాలుగేళ్ళకే రిటైరయ్యానంటే మణికొండలో మా అపార్ట్‌మెంటు వాళ్ళు నమ్మడం లేదు. ఉద్యోగం పోయి ఉంటుందని మూడో అంతస్తు వాళ్ళు, భూములు కలిసొచ్చి ఉంటాయని ఐదో అంతస్తు వాళ్ళు అనుకుంటున్నారు. రెండూ కాదు. గొంతు అరిగిపోయింది, ఇక మాట్లాడటం తగ్గించుకోమని డాక్టరు గారు రాసిచ్చారు. ఆ రిపోర్టు మా ఆవిడకు చూపిస్తే, ఇది మీది అయి ఉండదు, ఎవరిదో మార్చి ఇచ్చారు, వెళ్ళి అడిగి రండి అంది.

నేను చేసిన పని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. మొదటి సగం చందానగర్‌లో ఒక కోచింగ్ కాలేజీలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్సు చెప్పాను. రెండో సగం హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ శిక్షణ విభాగంలో, అలాంటి పిల్లలే పెద్దవాళ్ళయి వస్తే, వాళ్ళు మరిచిపోయిన ఆ ఫిజిక్సే మళ్ళీ చెప్పాను. తేడా అల్లా ఒకటే. చందానగర్‌లో నిద్రపోయేవాడి మీదికి చాక్‌పీసు విసరొచ్చు. హైటెక్ సిటీలో నిద్రపోయేవాడు మర్యాదగా కెమెరా ఆపేసుకుని నిద్రపోతాడు.

ఇప్పుడు క్వాంటం కంప్యూటింగ్ అనే మాట ఈ ఐటీ కారిడార్ అంతా వినిపిస్తోంది. దాన్ని నేర్పే ఉద్యోగాల్లోకి కొత్తగా వస్తున్నవాళ్ళు కొందరు ఫోన్ చేసి, ఎలా చెప్పాలి సార్, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి అని అడుగుతున్నారు. గొంతు బాగాలేదు కనక రాసి ఇస్తున్నాను. ఎవరికి ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, గోడకు ఎన్ని సర్టిఫికెట్లు తగిలించుకున్నాను వంటివి ఇందులో ఉండవు. ఉన్నదల్లా ఒక్క పాఠం, ఎలక్ట్రాన్ స్పిన్. క్వాంటం కంప్యూటర్ లెక్కలు చేసేది ఇలాంటివాటితోనే. అది చెప్పడం చేతనైతే మిగతా పాఠాలు వాటంతటవే వస్తాయి.

ఒక హెచ్చరిక. నేను ఉన్నదాన్ని కాస్త పెంచి చెబుతానని పేరు పడింది. ఇందులో ఎలక్ట్రాన్ గురించి రాసిందంతా అక్షరాలా నిజం. మిగతాది మీ ఇష్టం.

కోడీ, బొంగరమూ

క్లాసు మొదటి రోజు నేను మా మేనమామ బొంగరం కథ చెప్పేవాణ్ణి. ఆయన భీమవరంలో శనివారం పొద్దున వేసిన బొంగరం మంగళవారం సంత దాకా తిరుగుతూనే ఉంది. మధ్యలో ఒక కోడి దాని మీదెక్కి గుడ్డు పెట్టింది. ఆ గుడ్డు పగలగొట్టి చూస్తే సొన లోపలే చిలికి సిద్ధంగా ఉంది, ఉల్లిపాయలు వేసి పెనం మీద పోసుకోవడమే తరువాయి. ఈ కథకు అందరూ నవ్వేవాళ్ళు. ఒక్కరు కూడా లేచి ఇది అబద్ధం అనలేదు. ఒకాయన మాత్రం, కోడికి కళ్ళు తిరగలేదా సార్ అని అడిగాడు. తిరిగాయి, అందుకే అది తన గుడ్డేనని ఒప్పుకోలేదు అన్నాను. ఆయన తృప్తిగా తల ఊపాడు.

ఆ తర్వాత ఎలక్ట్రాన్ సంగతి ఎత్తేవాణ్ణి. దీన్ని ఎవరూ తిప్పలేదు. ఇది ఎప్పటికీ ఆగదు. స్పిన్ అనే దీని ఊపును పెంచలేం, తగ్గించలేం. మీ సెల్‌ఫోనులో ఉన్న ఎలక్ట్రాన్‌కూ, ఆకాశంలో చుక్కలో ఉన్న ఎలక్ట్రాన్‌కూ ఒకటే కొలత. బరువు ఎలా సొంతమో, విద్యుదావేశం ఎలా సొంతమో, ఈ ఊపు కూడా దానికి అలాగే సొంతం. నిలువుగా కొలవండి, అడ్డంగా కొలవండి, ఏటవాలుగా కొలవండి, వచ్చే జవాబులు రెండే. మీరు కొలిచిన దిక్కుకు అటు, లేదా ఇటు. నడిమధ్యన ఏమీ రాదు. ఇంతా చేసి, లోపల తిరుగుతున్న వస్తువంటూ ఏదీ లేదు.

అప్పుడు మాడేవి ముఖాలు. జోకు బాగుంది సార్, ఇక అసలు పాఠం చెప్పండి అనేవాళ్ళు.

అబద్ధమైనా అతికినట్టుండాలని మనవాళ్ళు ఊరికే అనలేదు. అతికితే అబద్ధాన్నయినా నమ్ముతారు, అతకకపోతే నిజాన్నయినా నమ్మరు. ఈ ఉద్యోగంలో అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. అతకని నిజాన్ని అతకనిదిగానే చూపించి ఒప్పించాలి. దానికి నాలుగు చెక్కలు కొట్టి అతికించేసే మాస్టర్లకు కొదవ లేదు. వాళ్ళకు ఫీడ్‌బ్యాక్ కూడా బాగా వస్తుంది.

పద్మజ గారి నీలం బంతి

మా శిక్షణ విభాగానికి పెద్ద పద్మజ గారు. కాకినాడ వారు. నేను చూసిన బాసుల్లో ఆవిడ అంత మంచి మనిషి లేరు, అంత మొండి మనిషీ లేరు. స్పిన్ పాఠానికి ఆవిడ ప్రత్యేకంగా ఒక స్లైడు చేయించారు. అందులో ఒక నీలం బంతి, దాని గుండెలోంచి ఎర్ర బాణం దూసుకుపోయి ఉండగా, గిరగిరా తిరుగుతుండేది. కింద చక్కటి నీడ కూడా ఉండేది. కోర్సు చివర ఉండే ప్యానెల్ ఇంటర్వ్యూకు తయారు చేసిన జవాబుల్లోనూ అదే మాట. ఎలక్ట్రాన్ తన అక్షం చుట్టూ తాను తిరగడమే స్పిన్.

ఆ బంతి తప్పండీ అని నేను ఆవిడ గదికి వెళ్ళి చెప్పాను. తిరిగే ప్రతి వస్తువుకూ ఒక ఊపు ఉంటుంది, దాన్నే పుస్తకాల్లో కోణీయ ద్రవ్యవేగం అంటారు. ఎలక్ట్రాన్ అంత చిన్న బంతి, కొలిస్తే వచ్చేటంత కోణీయ ద్రవ్యవేగం తెచ్చుకోవాలంటే దాని అంచు వెలుగు కంటే ఎన్నో రెట్లు వేగంగా పరిగెత్తాలి. వెలుగును దాటి ఏదీ పోలేదు. గచ్చిబౌలిలో సాయంత్రం పూట ఆఫీసు బస్సెక్కే మనకు ఆ ప్రమాదం లేదు గానీ, మీ బంతికి ఉంది అన్నాను.

ఆవిడ ఓపికగా అంతా విన్నారు. "శంకరం గారూ, మన దగ్గరికొచ్చేవాళ్ళకి ప్యానెల్ పాసవ్వడం కావాలండి. మోక్షం కాదు."

నాకు కోపం వచ్చింది కానీ, ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అలా కాదండీ, ఇక్కడొక మెలిక ఉంది అంటూ జవాబు మొదలుపెట్టి, మెలిక పూర్తయ్యేలోపే ప్యానెల్లో తప్పి ఇంటికెళ్ళిన వాళ్ళను ఆవిడ చూశారు. వాళ్ళు కన్నీళ్ళు ఆవిడ గదిలోనే తుడుచుకున్నారు. నా గదిలో కాదు. కాబట్టి కొత్తగా వచ్చేవాళ్ళకు చెబుతున్నాను, బాసు తప్పు చెప్పినప్పుడు ఆ తప్పు వెనక ఎవరి ముఖం ఉందో చూడండి. చూశాక కూడా వాదించండి. కానీ చూసి వాదించండి.

చివరికి రాజీ కుదిరింది. స్లైడులో బంతి తిరుగుతుంది. అది తిరగడం లేదని పక్కన నిలబడి నేను చెప్పుకోవచ్చు.

బెంచీ మీద మనిషి

యాదగిరి మా క్లాసుకు వచ్చింది ఈ రాజీ నడుస్తున్న రోజుల్లోనే. జనగామ వైపు మనిషి, ముప్ఫై ఎనిమిదేళ్ళు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. మాన్యువల్ టెస్టరు. అంటే, ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌ను చేత్తో నొక్కి నొక్కి చూసి, అది ఎక్కడ కాలు జారుతుందో పట్టుకుని, ఆ తప్పును డిఫెక్టు అనే పేరుతో కంపెనీ సిస్టంలో నమోదు చేయడం అతని పని. డిఫెక్టు వేసేటప్పుడు మూడు సంగతులు రాయాలి. ఏమేం చేస్తే తప్పు బయటపడింది, నిజానికి ఏం రావాలి, ఏం వచ్చింది. అతను వేసిన డిఫెక్టు ఒక్కటి కూడా, ఇది తప్పు కాదంటూ వెనక్కి రాలేదని అతని పాత టీమువాళ్ళు చెప్పుకునేవాళ్ళు.

అయితే ఆ నొక్కి చూసే పని యంత్రాలు చేయడం మొదలైంది. ప్రాజెక్టు మూతపడింది, యాదగిరి బెంచీ మీదికి వచ్చాడు. పని లేకుండా జీతం తీసుకునే దశను మా కంపెనీల్లో బెంచీ అంటారు. పేరుకే బెంచీ, కూర్చుంటే అన్నీ ముళ్ళు. క్వాంటం టీములో టెస్టింగుకు ఒక చోటు ఖాళీగా ఉంది. మా కోర్సు చేసి, ప్యానెల్ నెగ్గితే ఆ చోటు అతనిది. తప్పితే హెచ్చార్ వాళ్ళు పిలిచి, చాలా మర్యాదగా, రాజీనామా పేపర్లు పెట్టమంటారు. ఇంట్లో భార్యకు ఇంకా చెప్పలేదని, రోజూ మామూలు టైముకే బాక్సు కట్టించుకుని వస్తున్నానని మొదటి వారంలోనే నాతో అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ బాక్సు మాత్రం చాలా రోజులు తినకుండానే ఇంటికి తీసుకెళ్ళేవాడు.

మొదటి వరుసలో కూర్చునేవాడు. నా కోడి కథకు క్లాసులో నవ్వని మనిషి అతనొక్కడే. తర్వాత బయట కలిసినప్పుడు, బొంగరం మీద కోడి ఎక్కిన క్షణానే బరువు పెరిగి తిరుగుడు తగ్గాలి కద సార్, మరి మంగళవారం దాక ఎట్ల తిరిగింది అని అడిగాడు. అప్పుడే అనుకున్నాను, వీడితో జాగ్రత్తగా ఉండాలని.

వెండి ఆవిరి, చవక చుట్ట

స్పిన్‌ను నేను వెండితో మొదలుపెట్టేవాణ్ణి. వందేళ్ళ కిందట ఇద్దరు శాస్త్రవేత్తలు వెండిని కొలిమిలో ఆవిరి చేసి, ఆ పరమాణువుల ధారను ఒక వంకర అయస్కాంతం మధ్యలోంచి పంపారు. ఆ అయస్కాంతం ఒక వైపు బలంగా, ఇంకో వైపు బలహీనంగా ఉంటుంది. వెండి పరమాణువులు చిట్టి అయస్కాంతాల్లాంటివైతే, ఒక్కొక్కటి ఒక్కో వైపు తిరిగి ఉంటుంది కనక, అవతలి గాజు పలక మీద వెండి పిండి పూసినట్టు పరుచుకోవాలి. అలా పరుచుకోలేదు. రెండుగా చీలింది. పైన ఒక గీత, కింద ఒక గీత. నడుమ ఖాళీ. ఆ చీలికకు కారణం వెండి పరమాణువు చివర ఒంటరిగా ఉన్న ఎలక్ట్రాన్ స్పిన్ అని తర్వాత తేలింది.

మొదట పలక మీద వాళ్ళకు ఏమీ కనిపించలేదు. అందులో ఒకాయన చవక చుట్ట తాగేవాడు. ఆ పొగలో గంధకం ఉంటుంది. ఆయన పలక దగ్గరికి వంగి ఊపిరి వదిలేసరికి వెండి నల్లబడి గీతలు బయటపడ్డాయి. ఈ చుట్ట కథ నేను అల్లింది కాదు, ఆ శాస్త్రవేత్తలే చెప్పుకున్నది. కానీ నా కథలన్నిటిలో క్లాసు నమ్మనిది ఇదొక్కటే.

ఆ తర్వాత ఒక అడుగు ముందుకు వేయించేవాణ్ణి. నిలువు అయస్కాంతంతో పైకి వెళ్ళినవాటిని మాత్రమే ఏరుకోండి. మళ్ళీ నిలువుగానే కొలిస్తే అన్నీ పైకే వెళతాయి. బాగుంది. ఇప్పుడు వాటినే అడ్డంగా తిప్పిన అయస్కాంతంలోంచి పంపండి. సగం కుడికి, సగం ఎడమకు. కుడికి వెళ్ళినవాటిని పట్టుకుని మళ్ళీ నిలువుగా కొలవండి. అన్నీ పైకే వెళ్ళాలి కదా? వెళ్ళవు. సగం పైకి, సగం కిందికి. అడ్డంగా అడిగిన ప్రశ్నతో, నిలువు ప్రశ్నకు ఇంతకు ముందిచ్చిన జవాబు చెరిగిపోయింది.

యాదగిరి చేయి ఎత్తాడు.

"సార్, చూసుడు అంటే రీడ్ చేసుడే కద. రీడ్ చేస్తే వాల్యూ మారొద్దు. గిదేంది మరి?"

మారుతుంది అన్నాను. మళ్ళీ అదే పరమాణువుతో మొదటి నుంచి చేస్తే అదే జవాబు వస్తదా అన్నాడు. ఒక్కో పరమాణువుకు ఏది వస్తుందో ముందుగా చెప్పలేం, గుంపు మీద సగం సగం అని మాత్రం చెప్పగలం అన్నాను. అతను పెన్ను కింద పెట్టేశాడు.

సాఫ్ట్‌వేర్‌వాళ్ళు మాత్రమే చేసే తప్పు ఒకటుంది. స్పిన్‌కు రెండే జవాబులు అనగానే, ఓహో, ఒకటీ సున్నా అనుకుంటారు. లోపల ఎక్కడో ఒక గడిలో ఆ అంకె రాసిపెట్టి ఉంది, మనం వెళ్ళి చదువుకోవడమే అనుకుంటారు. క్లాసులో మిగతావాళ్ళంతా హాయిగా అలాగే అనుకుని టీకి వెళ్ళిపోయారు. అలా అనుకోవడం కుదరదని తెలిసి ఇబ్బంది పడ్డవాడు యాదగిరి ఒక్కడే. పాఠం అర్థమైందనడానికి ఇబ్బందిని మించిన గుర్తు లేదు. తల ఊపేవాళ్ళను చూసి మురిసిపోకండి. ఊపడానికి తల ఉంటే చాలు.

డిఫెక్టు

మర్నాడు పొద్దున పద్మజ గారు నన్ను పిలిచి తన స్క్రీను నా వైపు తిప్పారు. కంపెనీ సిస్టంలో మా కోర్సు పేరు మీద కొత్త డిఫెక్టు ఒకటి నమోదై ఉంది. తీవ్రత అన్నచోట అత్యవసరం అని ఉంది. బాధ్యులు అన్నచోట పద్మజ గారి పేరు ఉంది. ఇంగ్లీషులో ఉన్నదానికి ఇది నా తెలుగు.

"విడిభాగం: ఎలక్ట్రాన్. చేసినది: నిలువుగా కొలిచి పైకి వచ్చినవి తీసుకున్నాను, అడ్డంగా కొలిచాను, మళ్ళీ నిలువుగా కొలిచాను. రావలసినది: పైకి. వచ్చినది: ఒకోసారి పైకి, ఒకోసారి కిందికి. మరో గమనిక: స్లైడులో బంతి తిరుగుతున్నది. శంకరం సార్ తిరగడం లేదన్నారు. రెంటిలో ఒకటి సరిచేయగలరు."

"ఇదేంటండీ, ఎలక్ట్రాన్ మీద నాకు డిఫెక్టు వేశాడు," అన్నారు పద్మజ గారు.

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆవిడా కాసేపు ఆపుకున్నారు, తర్వాత ఆపుకోలేదు. కానీ నవ్వయ్యాక ఆవిడ ముఖం చిన్నబోయింది. ఇతను ప్యానెల్లో ఇలాగే మాట్లాడితే పోతాడండీ, మీరే చెప్పండి, బంతి అని చెప్పి బయటపడమనండి అన్నారు. ఆ డిఫెక్టును అలాగే తెరిచి ఉంచారు. మూసే కారణం ఏం రాయాలో ఆవిడకు తెలియలేదు.

ఇలాంటి డిఫెక్టు నా సర్వీసులో ఇంకొకటి చూడలేదు. చూశానని చెప్పాలని నోరు దురద పెడుతోంది గానీ, చూడలేదు.

భ్రమ

ప్యానెల్‌కు ముందు రోజు మధ్యాహ్నం యాదగిరినీ తీసుకుని మా ఆఫీసు గేటు బయట టీ బండి దగ్గరికి వెళ్ళాను. అతన్ని కుదుటపరిచే ముందు ఇంకో అతకని నిజం చెప్పాల్సి వచ్చింది. ఎందుకంటే టీ చేతికి రాకముందే అడిగాడు, తిరిగేది ఏం లేకపోతే ఆ ఊపు మటుకు నిజమేనా సార్, లేకపోతే మీ లెక్కలోళ్ళు కాగితం మీద రాసుకున్నదా అని.

నిజమే అన్నాను. ఒక ఇనుప కడ్డీని దారంతో వేలాడదీసి, చుట్టూ తీగ చుట్టి కరెంటు పంపి, కడ్డీలో అయస్కాంతత్వం దిక్కు మార్చారు. లోపల కోటానుకోట్ల ఎలక్ట్రాన్ల స్పిన్లు తలకిందులయ్యాయి. కడ్డీని ఎవరూ ముట్టుకోలేదు. అయినా అది దారం మీద కాస్త తిరిగింది. బిందెలో నీళ్ళు తగ్గితే నేల మీద తడి ఉండాలి కదా. ఎలక్ట్రాన్లలో మారిన ఊపు కడ్డీలో తేలింది. లోపల ఏదీ బంతిలా తిరగడం లేదు, కానీ దాని ఊపు లెక్కకు వచ్చింది, కడ్డీని కదిపింది.

యాదగిరి టీ గ్లాసును బండి మీద పెట్టేశాడు.

"మా తెలుగు మీడియంల భూమి పాఠంల ఆత్మభ్రమణం అని ఉండె సార్. తన సుట్టూ తాను తిరుగుడు. స్పిన్‌ను గూడ గట్లనే అనుకున్న."

పాత పుస్తకాల్లో స్పిన్‌కు కూడా ఆ మాట వాడినవాళ్ళు ఉన్నారు అన్నాను.

"అయితే ఆ మాటల సగమే కరెక్టు," అన్నాడు. "ఆత్మ కరెక్టు. ఆ ఊపు దాని సొంతం, ఎవలిచ్చింది గాదు. భ్రమణమే భ్రమ."

నేను ఇన్నేళ్ళు తెలుగులో, ఇంగ్లీషులో, సైగలతో కూడా స్పిన్ చెప్పాను. ఇంత పొట్టిగా ఎన్నడూ చెప్పలేదు. ఆ ముక్క నాదేనని తర్వాత రెండు క్లాసుల్లో చెప్పుకున్నాను, అది వేరే సంగతి.

అక్కడే, టీ బండి పక్కనే, ఆత్మప్రదక్షిణ కూడా అయింది. గుళ్ళో దేవుడి ముందు మనం ఒక్క చుట్టు తిరిగితే మళ్ళీ దేవుడి ముఖమే కనిపిస్తుంది, పని అయిపోతుంది. ఎలక్ట్రాన్ స్పిన్ దిశను అయస్కాంతంతో ఒక పూర్తి చుట్టు తిప్పితే అది మొదటి స్థితికి రాదు. లెక్కలో దాని గుర్తు మారి ఉంటుంది, ప్లస్ ఉన్నచోట మైనస్. ఒంటరిగా చూస్తే తేడా తెలియదు, తిప్పని దానితో కలిపి చూస్తే బయటపడుతుంది. ఇంకో చుట్టు తిప్పితేనే అసలు స్థితి. నమ్మకం కలగడానికి మన చేయే సాక్ష్యం. అరచేతిలో పళ్ళెం పెట్టుకుని, అది ఒలకకుండా, చంక కిందుగా లోపలికి ఒక చుట్టు తిప్పండి. పళ్ళెం మొదటిలాగే ఉంటుంది, మోచేయి మాత్రం మెలిపడి ఆకాశం చూస్తుంటుంది. విడిపించుకోవడానికి వెనక్కి తిప్పనక్కర్లేదు. అదే దిక్కులో, ఈసారి తల మీదుగా, ఇంకో చుట్టు తిప్పండి. మెలిక దానంతటదే విడిపోతుంది.

మిర్చి బజ్జీల ప్లేటుతో యాదగిరి దాన్ని సాధన చేశాడు. మొదటి బజ్జీ నా చొక్కా మీద పడింది. రెండోది బైక్ టాక్సీ కుర్రాడి హెల్మెట్‌లో పడింది. ఆ కుర్రాడు అది తిని, ఇంకొకటి వేయన్నా అన్నాడని నేను చెబుతుంటాను.

వెళ్ళేముందు యాదగిరి అడిగాడు. "రేపు స్లైడ్ల ఉన్నది చెప్పాల్నా సార్, ఉన్నది చెప్పాల్నా?"

బెంచీ మీద కూర్చున్నది నువ్వు, నేను కాదు, నీ మనసు ఏది ఒప్పుకుంటే అది చెప్పు అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు, పద్మజ గారి గదిలో కన్నీళ్ళు తుడుచుకున్నవాళ్ళందరూ నా వైపు చూస్తున్నట్టు అనిపించింది.

ప్యానెల్

అద్దాల గదిలో ప్యానెల్ ఇద్దరు. ఒకరు మా కంపెనీ మేనేజరు, ఆయన ముందు మా జవాబుల కాగితం ఉంది. రెండో ఆయన బయటి నుంచి ఆ రోజే కొత్తగా వచ్చిన ప్రొఫెసరు గారు, నెల్లూరు మనిషి, కళ్ళజోడు మీది నుంచి చూసే రకం. ఆయన ముందు ఏ కాగితమూ లేదు. ఆయన సంగతి మాకు ఎవరికీ తెలియదు. నేనూ పద్మజ గారూ గోడవారగా కూర్చున్నాం. మాట్లాడే హక్కు మాకు లేదు. నాకు అది ఎంత పెద్ద శిక్షో మీరు ఊహించుకోండి.

టెస్టింగు ప్రశ్నలకు యాదగిరి తడబడకుండా చెప్పాడు. మేనేజరు గారు టిక్కులు పెట్టుకుంటూ పోయారు. అప్పుడు ప్రొఫెసరు గారు మొదటిసారి నోరు తెరిచి, స్పిన్ అంటున్నారే, ఎలక్ట్రాన్‌లో అసలు తిరిగేది ఏమిటి అని ఇంగ్లీషులో అడిగారు.

పద్మజ గారు స్క్రీను మీద లేని నీలం బంతిని యాదగిరికి కళ్ళతోనే చూపించాలని చూశారు. యాదగిరి ఆవిడ వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఆఖరికి ప్రొఫెసరు గారి వైపు తిరిగాడు.

"సార్, తెలుగుల చెప్పొచ్చునా?"

"చెప్పు నాయనా."

"స్లైడ్ల ఉన్నది చెప్పాల్నా సార్, ఉన్నది చెప్పాల్నా?"

మేనేజరు గారి పెన్ను ఆగిపోయింది. పద్మజ గారు కళ్ళు మూసుకున్నారు. ప్రొఫెసరు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"రెండూ చెప్పు. ఏది ఏదో నేను చూసుకుంటా."

స్లైడులో ఉన్నది యాదగిరి ఒక్క వాక్యంలో చెప్పేశాడు. ఇక ఉన్నది మొదలుపెట్టాడు. బంతి అయితే దాని అంచు వెలుగును దాటాలి కాబట్టి బంతి కాదన్నాడు. ఏమీ లేదందామంటే దారం మీద ఇనుప కడ్డీ ఊరికే తిరగదు కాబట్టి ఏమీ లేకపోలేదన్నాడు. ఆత్మభ్రమణంలో ఆత్మ కరెక్టు, భ్రమణమే భ్రమ అన్నాడు. లోపల జవాబు ముందే రాసి ఉందనుకుని టెస్ట్ కేసులు రాస్తే క్వాంటం యంత్రం మీద అవి పనిచేయవనీ, ఒక్కసారి నడిపి ఫెయిలని రాయకూడదనీ, చాలాసార్లు నడిపి గుంపుగా చూడాలనీ, తాను ఇన్నేళ్ళు చేసిన టెస్టింగు పద్ధతిని ఇక్కడ ఎక్కడెక్కడ మార్చుకోవాలో కూడా చెప్పాడు. ఆ చివరి ముక్క నేను నేర్పింది కాదు. అతని ఇబ్బందే అతనికి నేర్పింది.

స్పిన్‌ను ఒక పూర్తి చుట్టు తిప్పితే ఏమవుతుంది అని ప్రొఫెసరు గారు అడిగారు.

బల్ల మీద అతిథుల కోసం పెట్టిన ఉస్మానియా బిస్కెట్ల ప్లేటు ఉంది. యాదగిరి లేచాడు. పద్మజ గారు నా చేయి పట్టుకున్నారు. కంపెనీ కార్పెట్టు కొత్తది.

ప్లేటు అరచేతిలోకి వెళ్ళింది. చంక కిందుగా ఒక చుట్టు. మోచేయి ఆకాశానికి లేచింది, మనిషి ఒక పక్కకు ఒరిగి, దెబ్బ తగిలిన కొంగలా నిలబడ్డాడు.

"ఇప్పుడు ప్లేటును అడిగితే, నేను మొదలున్నట్టే ఉన్న అంటది సార్. చేతిని అడగాలె."

అదే దిక్కులో తల మీదుగా ఇంకో చుట్టు. చేయి విడిపోయింది. ఒక్క బిస్కెట్టు కూడా కదలలేదు. నేను చెప్పే కథ అయితే ఒకటైనా పడేది, పడి మేనేజరు గారి టీలో మునిగేది. ఇది జరిగింది కాబట్టి పడలేదు.

ప్రొఫెసరు గారు చేయి చాచి ఆ ప్లేటులోంచి ఒక బిస్కెట్టు తీసుకున్నారు. "ఆ స్లైడు ఎవరు చేశారయ్యా?" అని అడిగారు.

పద్మజ గారు లేచి నిలబడ్డారు. నేనేనండి అన్నారు.

"బంతిని తీసేయకండమ్మా," అన్నారాయన. "అందరం అక్కడే మొదలుపెడతాం. అక్కడే ఆగిపోవద్దని కింద రాయండి చాలు."

మేనేజరు గారు తన కాగితం వైపు ఒకసారి, ప్రొఫెసరు గారి వైపు ఒకసారి చూసి, ఇంతసేపూ ఖాళీగా ఉంచిన గడిలో టిక్కు పెట్టారు. బయటికొచ్చాక యాదగిరి ముందు చేసిన పని, వరండాలో ఒక మూల కూర్చుని బాక్సు తెరవడం. అన్నం, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ. మొత్తం తిన్నాడు. తిన్నాక భార్యకు ఫోన్ చేసి, బెంచీ మీద ఉంటినని, ఇప్పుడు దిగినని, రెండూ ఒక్కసారే చెప్పాడు. అవతల ఆమె ఏమందో నాకు వినపడలేదు. అతను ఫోను చెవికి దూరంగా పెట్టుకోవడం మాత్రం చూశాను.

ఆ సాయంత్రమే పద్మజ గారు డిఫెక్టు మూసేశారు. ఎందుకు మూశారో రాసే చోట, తయారైందే అలా, తప్పు కాదు అని పెట్టారు. కింద వ్యాఖ్య ఒకటి రాశారు. "తయారుచేసినవారిని సంప్రదించడానికి ప్రయత్నించాం. అందుబాటులో లేరు." కాకినాడ వారికి కూడా హాస్యం ఉంటుందని ఆ రోజే ఒప్పుకున్నాను.

తోటకూర కట్టల మధ్య

యాదగిరి ఇప్పుడు ఆ టీములోనే ఉన్నాడు. నేను వచ్చేశాక కొత్తవాళ్ళకు స్పిన్ పాఠం అతనే చెబుతున్నాడు. మొన్న చందానగర్ మార్కెట్‌లో కనిపించాడు, రెండు చేతుల్లోనూ తోటకూర కట్టలు. పాఠం ఎలా నడుస్తోంది అని అడిగాను.

"ప్రతి బ్యాచ్ల ఎవరో ఒకరు మళ్ల అదే డిఫెక్టు ఏస్తరు సార్. ఇది పాతదే, ముందే వచ్చింది అని రాసి నేను మూసేస్త."

విసుగు రావడం లేదా అన్నాను.

"విసుగేంది సార్. పోయిన ఒక్క బ్యాచ్లనే ఎవ్వరు ఎయ్యలె. అందరు తలలూపిన్రు, మస్తు ఫీడ్‌బ్యాక్ ఇచ్చిన్రు." తోటకూర ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "నాకైతే ఫికరైంది. మళ్ల వెండి కాడికెళ్ళి మొదలువెట్టిన."